పదివేలమందికి నీడ యిచ్చిన మిస్సమ్మ

బైబిలు పఠనము: 1 రాజులు 19:1-18, సంఖ్యాకాండము 11:10-17, గలతీయులకు 6:1-5.



ఏలీయా ప్రవక్త పేరు వినగానే మనకు కర్మెలు పర్వతము జ్ఞాపకమునకు వచ్చును. ఆకాశమునుండి దిగివచ్చిన అగ్నినిగూర్చియు, మూడేండ్లు లేని వాన కురిసిన సంగతినిగూర్చియు ఆదివారపు బడి పిల్లలు సైతము చెప్పగలరు. అది 18వ అధ్యాయము. దాని వెనుకనే 19వ అధ్యాయము కలదు. అందులో అదే ప్రవక్త అడవిలో ఒక బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలు, నా ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనుచున్నాడు. ఈ అధ్యాయమును మనము త్వరగా దాటిపోవుదుము. పరిశుద్ధ గ్రంథము మాత్రము దానిని దాచలేదు.

కర్మెలు వంటి దినములను, బదరీవృక్షము వంటి దినములను రెండింటిని చూచిన ఒక దైవసేవకురాలి చరిత్రను ఈ నెల పాఠముగా తీసికొందము. ఆమె పేరు మిన్నీ వాట్రిన్. అమెరికా దేశస్థురాలు. చైనాలో 28 సంవత్సరములు మిషనెరీగాను, స్త్రీల కళాశాలలో నాయకురాలుగాను పనిచేసినది.

1. కమ్మరివాని కుమార్తె

మిన్నీ 1886వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన ఇల్లినాయి రాష్ట్రములోని సీకార్ అను చిన్న ఊరిలో పుట్టెను. తండ్రి ఫ్రాన్సు దేశపు లొరేన్ ప్రాంతమునుండి వచ్చిన కమ్మరి. ఆమెకు ఆరేండ్ల వయస్సులో తల్లి చనిపోయెను. తల్లిలేని బిడ్డ కొంతకాలము పరుల యిండ్లలో పెరిగినది. కలిమి లేని యిల్లు గనుక తన చదువునకు కావలసిన డబ్బు తానే పనిచేసి సంపాదించుకొనుచు, ఉపాధ్యాయ శిక్షణ పొంది, కొంతకాలము బడిలో లెక్కలు చెప్పి, 1912లో ఇల్లినాయి విశ్వవిద్యాలయములో పట్టము పొందెను.

ఆ సంవత్సరమే ఆమె చైనాకు ప్రయాణమాయెను. డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ అను సంఘమువారి మిషను ఆమెను పంపెను. ఆన్హుయి రాష్ట్రములోని హెఫే పట్టణములో బాలికల పాఠశాల ఆమె చేతికి అప్పగింపబడెను. ఆ కాలమున ఆ దేశపు పల్లెలలో ఆడపిల్లను బడికి పంపుట అరుదు. చిన్ననాటనే పాదములను గుడ్డలతో బిగించి కట్టి, అవి ఎదుగకుండ చేయు ఆచారము ఇంకను మిగిలియుండెను. తల్లిలేక పెరిగిన ఈమె అట్టి ఆడపిల్లలకు తల్లియై వారి నడుమ నివసించెను.

2. జిన్‌లింగ్ కళాశాల

నాన్జింగ్ నగరములో పలు మిషనులవారు కలిసి స్త్రీలకొరకు జిన్‌లింగ్ అను కళాశాలను 1915లో తెరచిరి. సమృద్ధియైన జీవము అనునది దాని ధ్యేయవాక్యము. యోహాను సువార్త 10:10లోనుండి తీసికొనబడినది. 1919లో అయిదుగురు యువతులు అక్కడ పట్టము పొందిరి. చైనా దేశములోనే చదివి పట్టము పొందిన మొదటి స్త్రీలలో వారును ఉన్నారు. వారిలో ఒకతె వూ యీఫాంగ్.

అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయమున పైచదువు ముగించి వచ్చిన మిన్నీ వాట్రిన్‌ను 1919లో ఈ కళాశాలకు పిలిచిరి. ప్రిన్సిపాలు శ్రీమతి థర్‌స్టన్ స్వదేశమునకు వెళ్లినప్పుడు ఆ స్థానములో నిలిచి కళాశాలను నడపెను. పిమ్మట ఉపాధ్యాయినుల శిక్షణ శాఖకు పెద్దయై యుండెను. కళాశాల గోడకు ఆవలనున్న పేదల యిండ్లను ఆమె మరువలేదు. వారి పిల్లలకొరకు ఒక చిన్న బడిని పెట్టించెను. చదువుకొన్న స్త్రీ చదువులేని తన పొరుగుదానిని ఎరుగక బ్రదికినయెడల ఆ చదువువలన ప్రయోజనమేమి అని ఆమె తలంపు.

1928లో వూ యీఫాంగ్ కళాశాలకు అధ్యక్షురాలాయెను. నిన్నటి విద్యార్థిని నేడు పై అధికారి. మిన్నీ వాట్రిన్ ఆమె క్రింద సంతోషముగా పనిచేసినది. నిన్నటి విద్యార్థినుల చేతిక్రింద పనిచేయుట యెరిగిన సేవకురాలు నిజమైన సేవకురాలు.

3. 1937 డిసెంబరు

1937 జూలైలో జపాను సైన్యములు చైనాపై యుద్ధము సాగించినవి. ఆగస్టులో నాన్జింగ్ నగరముపై బాంబులు పడెను. ఉపాధ్యాయినులును విద్యార్థినులును దూరప్రాంతములకు తరలిపోయిరి. డిసెంబరు మొదటివారములో డాక్టర్ వూ కూడ వెళ్లవలసివచ్చెను. అమెరికా రాయబార కార్యాలయమువారు తమ దేశస్థులను నగరము విడిచిపొమ్మనిరి. మిన్నీ వాట్రిన్ వెళ్లలేదు. అపాయము వచ్చినదని తల్లి బిడ్డలను విడిచిపోవునా? అప్పటికి ఆమె వయస్సు 51 సంవత్సరములు.

నగరములో మిగిలిన కొద్దిమంది విదేశీయులు ఒక సంఘముగా కూడి, నిరాయుధులైన ప్రజలకొరకు ఒక రక్షణ ప్రాంతమును ఏర్పరచిరి. జాన్ రాబె అను జర్మను వర్తకుడు దానికి అధ్యక్షుడు. జిన్‌లింగ్ కళాశాల ఆ ప్రాంతములో స్త్రీలకును పిల్లలకును ఆశ్రయస్థానమాయెను. వాట్రిన్‌కు కుడిచేయిగా నిలిచినది చెంగ్ రుయ్‌ఫాంగ్ అను చైనా స్త్రీ. ఆమె నర్సు, విద్యార్థినుల వసతిగృహముల పెద్ద, వయస్సున వాట్రిన్‌కంటె పెద్దది. మేజలు కుర్చీలు తీసివేసి, గదులు ఖాళీచేసి, 2,750 మందికి చోటు సిద్ధపరచిరి.

డిసెంబరు 13వ తేదీన నగరము పడిపోయెను. తరువాతి వారములలో జరిగిన క్రూరకృత్యములను ఇక్కడ వివరింపనక్కరలేదు. నాన్జింగ్‌లో రెండు లక్షలకు పైగా జనులు చంపబడిరని యుద్ధానంతరము టోక్యోలో కూర్చున్న న్యాయస్థానము నిర్ణయించెను. స్త్రీలు పడిన అవమానము మాటలతో చెప్పదగినది కాదు. వారు బిడ్డలను చంకనెత్తుకొని కళాశాల గుమ్మమునకు పరుగెత్తి వచ్చిరి. 2,750 మందికి సిద్ధపరచిన చోట సుమారు పదివేలమంది చేరిరి. గదులు నిండెను. వసారాలు నిండెను. మెట్లమీదను, పచ్చికమీదను, చలికాలపు రాత్రి ఆకాశము క్రింద పడుకొనిరి. లోపలికి రానిచ్చిన చాలు, కూర్చుండుటకు జాగా యిచ్చిన చాలు అని వారు వేడుకొనిరి.

మిన్నీ వాట్రిన్ చేతిలో ఆయుధము లేదు. పచ్చికపై పరచిన అమెరికా జెండా ఒకటి, రాయబార కార్యాలయపు కాగితము ఒకటి కలవు. సైనికులు ఒక ద్వారమున వచ్చిరని వినినప్పుడు అక్కడికి పరుగెత్తెను. వెనుకగోడ దూకిరని వినినప్పుడు అక్కడికి పరుగెత్తెను. భోజనము చేయుచు నడుమ లేచిపోయిన దినములెన్నో. రాత్రులు గుమ్మమునొద్ద కావలియుండెను. ఆమెను చూచి వెనుదిరిగినవారు పలువురు, తిరుగనివారును ఉండిరి.

డిసెంబరు 17 రాత్రి సైనికులు కళాశాల పెద్దలను ముందరి గుమ్మమునొద్ద నిలువబెట్టి విచారణ చేయుచున్నట్లు నటించిరి. ఒక సైనికుడు వాట్రిన్ చెంపమీద కొట్టెను. వారిని ఇక్కడ నిలిపియుంచి, ప్రక్కదారిన కొందరు లోపలికి పోయి పన్నెండుమంది స్త్రీలను పట్టుకొనిపోయిరి. చీకటిలో వారి కేకలు విని, విడిపింపలేక నిలిచిన ఆమె హృదయము ఎట్లుండునో తలంచుడి.

క్రిస్మసు ముందుదినమున మరియొక శోధన వచ్చెను. ఒక సైన్యాధికారి వచ్చి, శరణార్థులలో మునుపు వేశ్యావృత్తిలో నుండినవారిని నూరుమందిని ఏరుకొని పోనిమ్మనెను. అట్లు చేసినయెడల మిగిలిన స్త్రీల జోలికి సైనికులు రారని నచ్చచెప్పెను. పదివేలమంది ఆడపిల్లల మొగములు ఆమె కన్నులయెదుట నుండెను. ఆమె ఒప్పుకొనవలసివచ్చెను. వారు చాలసేపు వెదకి ఇరువదియొక్క మందిని తీసికొనిపోయిరి. ఆ ఇరువదియొక్కరును దేవుడు పోలిక చూచి చేసినవారే. వారిలో ప్రతి ఒక్కతె యొక తల్లి కన్నబిడ్డయే. ఈ సంగతినిగూర్చి చరిత్ర వ్రాసినవారు నేటికిని వాదించుచున్నారు. సుఖముగా కూర్చుండి చదువుచున్న మనము ఆమెకు తీర్పు తీర్చుటకు త్వరపడకుందము. కొన్ని దినములలో మనుష్యుని యెదుట మంచిదారి యొకటియు నుండదు; ఏ దారిని నడిచినను గాయము తప్పదు.

ఆమె ప్రతిరాత్రి అలసటతోనే దినచర్య పుస్తకము వ్రాసెను. ఎవరు వచ్చిరో, ఎవరిని తీసికొనిపోయిరో, ఎంతమందికి గంజి అందినదో, ఏ బిడ్డ పుట్టినదో, ఏ బిడ్డ చనిపోయినదో ఆ పుస్తకములో కలదు.

4. తుఫాను తరువాత

తుఫాను వెలిసిన తరువాత కూలిన యిండ్లను లెక్కించుట వచ్చును. సైనికులు పట్టుకొనిపోయిన భర్తలను, కుమారులను వెదకుటకై స్త్రీలు ఆమెయొద్దకు వచ్చిరి. వారి పేర్లు వ్రాయించి, విజ్ఞాపన పత్రములు కూర్చి అధికారులయొద్దకు పంపెను. తిరిగి వచ్చినవారు బహు కొద్దిమంది. ఇల్లు కాలిపోయి, మగదిక్కు లేక, చంటిబిడ్డతో మిగిలిన స్త్రీ ఎట్లు బ్రదుకవలెను?

1938 మే నెల చివరివరకు కళాశాలలో శరణార్థుల శిబిరము నడిచెను. ఆ వేసవి పిమ్మట దిక్కులేని స్త్రీలకు బట్టలు నేయుట, మేజోళ్లు అల్లుట మొదలైన చేతిపనులు నేర్పు తరగతులను, ఆడపిల్లలకు ఒక ఉన్నత పాఠశాలను ఆమె నడపెను. గంజిపోయుట ఒక దినపు సహాయము. చేతికి పని నేర్పుట బ్రదుకంతటికి సహాయము. చైనా ప్రభుత్వము ఆమెకు గౌరవపతకము నిచ్చెను. స్త్రీలు ఆమెను దయాదేవత యనిరి. ఆమె మాత్రము తన కండ్లయెదుట తప్పిపోయినవారినే లెక్కించుకొనుచుండెను. కాపాడిన పదివేలమంది జ్ఞాపకము రాలేదు. కాపాడలేకపోయినవారే జ్ఞాపకమునకు వచ్చిరి.

విశ్రాంతి చాల ఆలస్యమాయెను. 1940 ఏప్రిల్ 14న తన శక్తి చివరకు వచ్చినదని, ముందుకు దారి కానరాకున్నదని దినచర్యలో వ్రాసెను. మే నెలలో స్నేహితురాలి తోడుతో ఆమెను అమెరికాకు పంపిరి. అక్కడ ఆసుపత్రిలో మనోవ్యాధికి చికిత్స జరిగెను. కొంత కుదుటపడినట్లు కనబడెను. కాని తాను సేవలో ఓడిపోతినను తలంపు ఆమెను వదలలేదు. నాన్జింగ్‌ను విడిచిన దినమునకు సరిగా ఒక సంవత్సరమునకు, 1941 మే 14వ తేదీన, ఇండియానాపొలిస్ నగరములో తన ప్రాణమును తానే తీసికొనెను. అప్పటికి ఆమెకు 54 సంవత్సరములు.

5. బదరీవృక్షము క్రింద దేవుడు ఏమి చేసెను?

ఈ చివరి సంగతిని చెప్పకుండ విడిచిపెట్టినచో పాఠము సులభముగా నుండెడిది. కాని మన సంఘములలోనే ఇట్టి దుఃఖమును రహస్యముగా మోయుచున్న కుటుంబములు కలవు. వారికొరకును, నేడు బదరీవృక్షము క్రింద కూర్చున్నవారికొరకును దీనిని చెప్పవలసియున్నది.

ఏలీయా ప్రాణము తీసికొనుమని అడిగినప్పుడు దేవుడు చేసినదానిని వరుసగా చూడుడి.

మొదటిది, దేవుడు అతని గద్దింపలేదు. అవిశ్వాసి వని యనలేదు. నిద్రపోనిచ్చెను. దూత వచ్చి తట్టి లేపి, వేడి రొట్టెయు నీళ్లును చూపెను. తిని మరల పడుకొనెను. దూత రెండవసారి వచ్చి మరల తినుమనెను. ప్రయాణము శక్తికి మించినదని దూత యొప్పుకొనెను. అలసిన శరీరమునకు ముందుగా ప్రసంగము కాదు, రొట్టెయు నిద్రయు కావలెనని సృష్టికర్తకు తెలియును.

రెండవది, హోరేబునొద్ద దేవుడు అతనిని ప్రశ్న అడిగి, అతడు చెప్పినదంతయు వినెను. అతడు అదే మాట రెండుమారులు చెప్పినను విసుగుకొనలేదు. దుఃఖములో నున్నవాడు చెప్పినదే చెప్పును. వినుటయే అతనికి ఔషధము.

మూడవది, అతనికి తోడు నిచ్చెను. ఎలీషాను చూపించి, ఇకమీదట ఒంటరిగా మోయనక్కరలేదనెను. మోషేయు ఇట్లే ఈ భారము మోయలేను, నన్ను చంపుమని అడిగినప్పుడు దేవుడు డెబ్బదిమంది పెద్దలను ఏర్పరచి భారమును పంచెను.

నాలుగవది, అతని లెక్క తప్పని తెలిపెను. ఏలీయా లెక్కలో మిగిలినది ఒక్కడు. దేవుని లెక్కలో మిగిలినవారు ఏడువేలమంది. అలసిన కన్నులకు ఫలము కనబడదు. అందుచేత ఫలము లేదని కాదు.

మిన్నీ వాట్రిన్ లెక్కయు అట్లే తప్పినది. ఆమె ఓడిపోతిననెను. ఆమెతో కూడ కావలికాచిన చెంగ్ రుయ్‌ఫాంగ్ ఆ దినములలో జరిగినదానినిగూర్చి వ్రాసి యిచ్చిన సాక్ష్యము 1946లో టోక్యో న్యాయస్థానము ముందుంచబడెను. ఆ కళాశాలలో ముందు విద్యార్థినియు తరువాత అధ్యక్షురాలునైన వూ యీఫాంగ్ 1945లో సాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా ప్రతినిధులలో ఒకతెగా ఐక్యరాజ్యసమితి శాసనపత్రముపై చేవ్రాలు చేసెను. ఆమె దినచర్య పుస్తకము యేల్ విశ్వవిద్యాలయపు దైవశాస్త్ర గ్రంథాలయములో భద్రపరచబడియున్నది. జరుగలేదని చెప్పువారికి అది జవాబు. 1950 తరువాతి మార్పులలో పాత కళాశాల వేరు విద్యాలయములలో కలిసిపోయినను, 1987లో జిన్‌లింగ్ అను పేరుతో స్త్రీల కళాశాల మరల అదే నగరములో తెరువబడెను. అక్కడ ఆమె విగ్రహము నిలిచియున్నది. మిచిగన్ రాష్ట్రములో షెపర్డ్ అను ఊరిలోని ఆమె సమాధిరాతిపై నాలుగు చైనా అక్షరములు చెక్కబడినవి. జిన్‌లింగ్ నిత్యము జీవించునని వాటి భావము. వీటన్నిటికంటె మిన్నగా, ఆ చలిరాత్రులలో గుమ్మము దాటి లోపలికి వచ్చిన స్త్రీల బిడ్డలును, బిడ్డల బిడ్డలును కలరు. వారి లెక్క దేవునికే తెలియును.

6. మన సంఘములకు

పదివేలమందికి నీడ యిచ్చిన చెట్టునకు నీడ యెవరు? ఈ ప్రశ్నయే నేటి పాఠము.

మన పాస్టరుగారు జబ్బుపడినవారిని చూచుటకు రాత్రి నాలుగు మైళ్లు నడచిపోవుదురు. ఆయన యింట జబ్బుచేసినప్పుడు ఎవరు నడచిపోవుచున్నారు? బైబిలు స్త్రీ అందరి కన్నీళ్లు తుడుచును. ఆమె కన్నీరు ఎవరు తుడిచిరి? పండుగ చేసిన తల్లి చివర చల్లారిన అన్నము తినును; ఆమెను కూర్చుండుమని చెప్పినవారెవరు? అమాలేకీయుల యుద్ధమునాడు మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోనును హూరును ఆ చేతులను పట్టుకొని నిలిచిరి. వారు మోషేకు ధైర్యము లేదని సణుగలేదు. కూర్చుండుటకు రాయి వేసిరి.

మనోవ్యాధి సిగ్గుపడవలసిన సంగతి కాదు. అది జ్వరమువలె, క్షయవలె రోగమే. నిద్రపట్టనివారిని, భోజనము మానినవారిని, నేనెందుకు బ్రదుకవలెనని పలుకువారిని దయ్యము పట్టినదని గాని విశ్వాసము తగ్గినదని గాని చెప్పి తీసివేయకుడి. ఒంటరిగా విడువకుడి. వారియొద్ద కూర్చుండి వారి మాట వినుడి. ప్రార్థన చేయుడి, వైద్యునియొద్దకును తీసికొనిపోవుడి. ప్రార్థనయు వైద్యమును ఒకదానికొకటి శత్రువులు కావు. ఏలీయాకు దేవుని స్వరమును వచ్చెను, రొట్టెయు వచ్చెను.

ఇట్టి మరణము సంభవించిన యింటిని వెలివేసినట్లు చూడకుడి. గుసగుసలు మాని, అన్నము వండి తీసికొనిపోవుడి. తీర్పు తీర్చుట మన పని కాదు. నలిగిన రెల్లును విరువని ప్రభువు చేతిలోనికి వారిని అప్పగింతము.

నేడు బదరీవృక్షము క్రింద కూర్చున్న సహోదరుడా, సహోదరీ, నీ లెక్కను నమ్మకుము. అలసినప్పుడు వేసిన లెక్క సరిగా నుండదు. ఈ దినముననే ఒక మనుష్యునితో నీ మనస్సు చెప్పుము. లేచి రొట్టె తినుము. ఏలీయా అడిగిన మరణమును దేవుడు అతనికి ఇయ్యలేదు. ఇచ్చినది మరియొక ప్రయాణమును, దానికి తగిన శక్తియు.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఏలీయా బలహీనతను బైబిలు దాచక వ్రాయుటవలన మనకు కలుగు మేలేమి?

2. మిన్నీ వాట్రిన్ వెళ్లిపోదగిన సమయమున నిలిచెను. మన ఊరిలో కష్టకాలమున ఎవరియొద్ద మనము నిలువవలసియున్నది?

3. డిసెంబరు 24న జరిగినదానినిగూర్చి తీర్పు తీర్చక, ఆ ఇరువదియొక్క మంది స్త్రీలను మరువక, మనము ఎట్లు ప్రార్థింపవచ్చును?

4. మన సంఘములో ఇతరులకు నీడ యిచ్చుచు తామే ఎండలో నిలిచియున్నవారెవరు? ఈ వారము వారి భారములో ఏ భాగమును మనము మోయగలము?

ప్రార్థనాంశములు: యుద్ధములలో చిక్కుకొన్న స్త్రీలకొరకును పిల్లలకొరకును, అలసిన సేవకులకొరకును, మనోవ్యాధితో బాధపడువారికొరకును, వారిని చూచుకొనువారికొరకును, ఆత్మీయులను ఇట్లు పోగొట్టుకొన్న కుటుంబములకొరకును ప్రార్థింతము. అలసినవారియొద్ద రెండవసారియు వచ్చి తట్టి లేపు ప్రభువు మనతో నుండునుగాక. ఆమేన్.